మీగడ నీళ్లు – 17వ భాగం: అయిదో సీసా

కిందటి వారం నిర్మలను ములుగు ఘనపూర్ బస్సు దింపి, తండాకు పోయే మట్టి దారిలో నిలబెట్టి వదిలేశాం. చేతిలో ల్యాబ్ రిపోర్టు. "ఆ పిల్ల ఇన్నాళ్లూ ఎందుకు పోలేదండీ?" అని కోపంగా ఉత్తరాలు రాసినవాళ్లున్నారు. నాకూ అదే కోపం. కథ రాసేవాడిని కాబట్టి ముందే పంపేసి ఉండవచ్చు. కానీ భయపడే మనిషిని ధైర్యవంతురాలిగా రాస్తే అది మరొకరి కథ అవుతుంది.

కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. నిర్మలది జనగామ జిల్లా బచ్చన్నపేట. రిజర్వాయర్ నీళ్లలో పెరిగే పచ్చ ఏ కాలంలో ఎంత పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో ఆమె పరిశోధన. రెండేళ్లుగా ప్రతి నెలా పన్నెండో తారీఖున వచ్చి, అయిదు చోట్ల అయిదు సీసాలు నింపుకుపోతుంది. థర్మాకోల్ తెప్ప మీద ఆమెను నీళ్లలోకి తీసుకుపోయేది ధన్‌సింగ్. తూము తలుపులు ఎత్తి దించే లస్కరు, యాభై దాటిన మనిషి. మొన్న మే నెలలో నీళ్ల మీద పచ్చటి మీగడ కడితే ధన్‌సింగ్ దాంట్లో మైలుతుత్తం కలిపాడు. చేలల్లో తెగులుకు కొట్టే నీలం మందు అది. మూడు రోజుల్లో నీళ్లు తేటపడ్డాయి. నాలుగో రోజు ఆ తేట నీళ్లు తాగి తండాలో పదకొండు బర్రెలు చచ్చిపోయాయి. పంచాయితీలో నిలబెట్టి "ఎవలు చెప్పిండ్రురా నీకు?" అని అడిగితే, "ఎవలు చెప్పలే, నా బుద్ధే" అన్నాడు ధన్‌సింగ్. చెప్పింది నిర్మల. అప్పుడు ఆ గుంపులోనే వెనక నిలబడి ఉంది. నోరు విప్పలేదు. మర్నాడే ధన్‌సింగ్ తండా వదిలి మహబూబాబాద్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇవాళ జూన్ పన్నెండు. వానలు మొదలై వారమైంది.

* * *

ధన్‌సింగ్ భార్య కమ్లి వాకిట్లో కూర్చుని పత్తి గింజలు పెట్టడానికి పోయే కూలీల కోసం దారివైపు చూస్తోంది. నిజానికి ఆమెను ఎవరూ కూలికి పిలవడం లేదు. పంచాయితీ తరువాత ఆ ఇంటి గడప ఎవరూ తొక్కడం లేదు. అయినా పొద్దున్నే లేచి, సద్ది కట్టుకుని, పనికి పోయే మనిషిలా కూర్చోవడం ఆమె మానలేదు.

నిర్మలను చూసి లేవలేదు. "వచ్చినవా" అంది. అంతే.

మామూలుగా అయితే ఈపాటికి చాయ్ పొయ్యి మీద ఉండేది. ఈ రెండేళ్లలో పన్నెండో తారీఖంటే ఈ ఇంట్లో చుట్టం వచ్చే రోజు. కమ్లి జొన్నరొట్టె చేసి, ఉల్లిగడ్డ కారం పెట్టి, తిన్నదాకా పక్కనే కూర్చునేది. ధన్‌సింగ్ నింపిన సీసాలు బస్సు వేళ దాకా వేడెక్కకుండా తడిగోనెలో చుట్టి, కుండల పక్కన నీడలో పెట్టేది కూడా కమ్లే.

నిర్మల కళ్లు అలవాటుగా తలుపు పక్క మేకు మీదికి పోయాయి. వచ్చే నెలకు కావలసిన ఖాళీ సీసాల సంచి ఎప్పుడూ అక్కడే వేలాడుతుంది. మేకు ఖాళీగా ఉంది. కోపంతో కమ్లి ఎక్కడో పారేసి ఉంటుందనుకుంది. పారేయాల్సిందే అని కూడా అనుకుంది.

"అక్కా, రిపోర్టు వచ్చింది," అంది నిల్చునే.

"నాకు చదువు రాదు. నువ్వే చెప్పు."

నిర్మల చెప్పింది. ఆమె చెప్పినట్లే రాస్తే మీకు సగం అర్థం కాదు, ఎందుకంటే ముందుది వెనక, వెనకది ముందు చెప్పింది. కాబట్టి నేను చెబుతాను.

నీళ్ల మీద పచ్చగా తేలేది నాచు కాదు, ఆకు కాదు. కంటికి కనపడని సూక్ష్మప్రాణి, సయనోబ్యాక్టీరియా అంటారు. కోట్లకు కోట్లు ఒకచోట చేరితేనే మనకు రంగుగా కనిపిస్తుంది. పైన ఉన్న మిరప చేలల్లో, పత్తి చేలల్లో వేసిన యూరియా, డీఏపీ వానకు కొట్టుకొచ్చి రిజర్వాయర్‌లో దిగుతాయి. ఆ బలం తిని ఇది పెరుగుతుంది. కాలాన్ని బట్టి దాని వాలకం మారుతుంది. ధన్‌సింగ్ ఈ సంగతి ఏ పుస్తకమూ చదవకుండానే చెప్పాడు. తెప్ప మీద గడ వేస్తూ నీళ్లకు నాలుగు పేర్లు పెట్టాడు. వానాకాలం వాగు దిగినప్పుడు ఎర్ర నీళ్లు, అప్పుడు పచ్చ కనపడదు. బతుకమ్మ వెళ్లాక పెసర నీళ్లు, అంటే వాన నిలిచి బురద దిగి, కింద చేరిన బలం తిని పచ్చ మొలిచే రోజులు. చలికాలం సల్ల నీళ్లు, అప్పుడు అది అడుగుకు దిగి మట్టిలో పడుకుంటుంది. ఇక ఎండాకాలం. నీళ్లు తగ్గి, వేడెక్కి, గాలి ఆగిన రోజుల్లో అది పైకి లేచి మీగడలా కడుతుంది. అవి మీగడ నీళ్లు. నిర్మల నోటు పుస్తకంలో అంకెల పక్కన ఈ నాలుగు పేర్లే ఉన్నాయి. వాళ్ల సారు అవి కొట్టేయమంటే కొట్టేయలేదు. అంతవరకు ఆమెకు ధైర్యం ఉంది.

ఈ పచ్చ కడుపులో విషం ఉంటుంది. బతికి ఉన్నంతవరకు చాలావరకు దాని లోపలే ఉంటుంది. చచ్చినప్పుడు బయటికి వస్తుంది. మైలుతుత్తం దాన్ని చంపింది. మీగడంతా ఒక్కసారే చచ్చి, పగిలి, లోపలి విషాన్ని నీళ్లలో వదిలింది. పైకి నీళ్లు తేటగా కనిపించాయి. మీగడ కట్టినన్నాళ్లూ తండావాళ్లు పశువులను రేవు దగ్గరికి పోనివ్వలేదు. వాసన వస్తోందని బర్రెలు కూడా ముట్టలేదు. తేటపడ్డాక తాళ్లు విప్పి వదిలారు.

"రిపోర్టుల ఏముందంటే," అంది నిర్మల, "మైలుతుత్తం బర్రెలను సంపేటంత లేదు అక్కా. శానా తక్కువున్నది. అన్న ఎక్కువ ఏమీ ఎయ్యలే. సంపింది ఆ పచ్చల ఉన్న విషమే. చిట్యాల నుంచి వచ్చిన పశువుల డాక్టరు కార్జాలు నల్లగ ఉబ్బినయన్నడు గద, అది దీని పనే."

కమ్లి సద్ది మూట పక్కన పెట్టింది. తరువాత అడిగింది, "ఏ నీళ్లు చూసిండ్రు?"

నిర్మల తల దించుకుంది. ఆ సీసా సంగతి చెప్పాలని ఆమెకు లేదు. నీళ్లు తేటపడిన రోజు పొద్దున్నే ధన్‌సింగ్ సంతోషం పట్టలేక, పన్నెండో తారీఖు కాకపోయినా ఒక సీసా నింపాడు. మేడం చూస్తే ఖుషీ అవుతుందని. దాని మీద వంకర అక్షరాలతో తనే రాశాడు. బర్రెలు చచ్చిన గోలలో పరుగున వచ్చిన నిర్మలకు కుండల పక్కన నీడలో ఆ సీసా కనిపించింది. ఎవరికీ చెప్పకుండా తీసుకుపోయింది.

"అన్న నింపిన సీసానే," అంది. "'తేట అయినై మేడం' అని రాసిపెట్టిండు."

కమ్లి కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు చప్పుడు పక్కింటికి వినపడటం ఆమెకు ఇష్టం లేదు. పక్కింట్లో రెండు బర్రెలు పోయాయి. వాళ్లు వింటుండగా ఏడ్చే హక్కు తనకు లేదని ఆమె అనుకుంటోంది. ఇలాంటి ఏడుపు నేను చాలా తక్కువసార్లు రాశాను. ఇకమీదట రాయకుండా ఉంటే బాగుండును.

"మొదలు తాగింది మా బర్రెనే," అంది కొంగు తీసి. "నేనే తాడు పట్టుకొని తోల్కపోయిన. ఎనుకాడితే మీ అన్న నవ్విండు. తాగనియ్యే, మేడం సదువు వట్టిగ పోతదా అన్నడు."

 ఇన్నాళ్లూ ఈ మాట ఇద్దరికే తెలుసనుకుంది నిర్మల. ధన్‌సింగ్‌కు, తనకు.

"నీకు తెలుసా అక్కా?"

"తెల్వకేంది? మైలుతుత్తం తెచ్చిన నాడే చెప్పిండు. సంచిల గట్టి తెప్ప ఎనకాల గుంజాలెనట, మేడం చెప్పిందన్నడు. రాత్రంతా సంచి కుట్టింది నేనే."

మే పన్నెండున తెప్ప మీద నిర్మల అన్నది ఇంతే: "వెనకట అయితే చెరువుల పచ్చ పోనీకి మైలుతుత్తం గోనెసంచిల గట్టి తెప్ప ఎనకాల గుంజేటోళ్లట అన్నా." ఎక్కడో చదివింది, ఊసుపోక చెప్పింది. ఆ మాటకు రెండో సగం ఉంది. పచ్చ దట్టంగా ఉన్నప్పుడు ఆ పని చేయకూడదని, చేస్తే కొన్ని వారాల పాటు ఆ నీళ్లు ఎవరినీ తాగనివ్వకూడదని. అదీ చదివింది. కానీ అప్పటికే తెప్ప రేవుకు వచ్చింది, బస్సు వేళయింది. సీసాలు సర్దుకుని వెళ్లిపోయింది. ధన్‌సింగ్ మాత్రం మేడం చెప్పిన సగాన్ని జాగ్రత్తగా మూటకట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. చదువుకున్నవాళ్లు ఊసుపోక అనే మాటలను ఇంత నమ్మకంగా దాచుకునే మనుషులుంటారని మనకు ఎప్పుడు తెలుస్తుందో.

"మరి పంచాయితీల ఎందుకు చెప్పలే అక్కా? నువ్వన్న చెప్పొచ్చు గద."

"చెప్దామనే లేసిన. మీ అన్న నా దిక్కు చూసి వద్దన్నట్టు తలకాయ ఊపిండు. నువ్వు ఎనకాల నిలవడ్డది ఆయనకు కనవడ్డది. నిన్ను చూసే గట్లన్నడు. ఆడివిల్ల, సదువుకునే పిల్ల, ఆగం జేస్తరు అని." కమ్లి మొదటిసారి నిర్మల ముఖంలోకి చూసింది. "ఆయనకు నువ్వు కనవడ్డవు. ఆయన నీకు కనవళ్లేదా చెల్లె?"

నిర్మల ఇన్నాళ్లు ఆగింది.  రిపోర్టు రాలేదు, రిపోర్టు వచ్చాక పోదామని తనకు తాను చెప్పుకుంది. అది నిజం కాదని ఇప్పుడు ఈ వాకిట్లో తెలిసింది. భయపడింది. పరిశోధన ఆగిపోతుందని, పోలీసు కేసవుతుందని, ఇంట్లో బాపు ముఖం చూడలేనని. ఆ భయాలన్నీ కలిపినా పదకొండు బర్రెల బరువు లేదు. కమ్లి కాళ్ల దగ్గర కూలబడింది.

"తప్పు నాదక్కా. ఇగ నీకు ఏదీ దాయ. ఏది అడిగినా ఉన్నదున్నట్టే చెప్త."

"నాకు చెప్తే ఏమొస్తది? తండా ముంగట చెప్పు."

* * *

తండా పెద్ద గణపతి నాయక్‌ను చేను నుంచి మధ్యాహ్నానికి పిలుచుకొచ్చింది కమ్లి కూతురు పూజ. ఆయన వచ్చి వాకిలి బయటే నిలబడ్డాడు. గడప తొక్కవద్దన్న తీర్పు ఆయనదే. అది దాటడానికి ఆయనకూ మనసొప్పదు. ఆయనవి మూడు బర్రెలు పోయాయి, ఒకటి చూడిది. ఆయన వెనక ఇంకో పదిమంది చేరారు. వచ్చే మంగళవారం సీత్లా భవాని పండుగ. పశువులు సల్లగా ఉండాలని మొక్కి, వాటిని అమ్మవారి ముందు నుంచి దాటించే పండుగ. ప్రతి ఏడూ ముందుండి మందను నడిపించేది ధన్‌సింగే. ఈసారి ఆ ఇంటి పశువును కలపకూడదని అనుకుంటున్నారు. కమ్లికి మిగిలింది ఒక్క దూడ.

నిర్మల రిపోర్టు తెరిచి చదవబోయింది. గణపతి చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాయితం వద్దు బిడ్డా. నోటితోటి చెప్పు."

చెప్పింది. ఈసారి మొదటి నుంచి వరసగా. అంతా విన్నాక గణపతి నెమ్మదిగా అడిగాడు.

"మైలుతుత్తంతోని సావలే అంటవు. మంచిది. అది సల్లకుంటే సచ్చేటియా?"

అబద్ధం ఆడటానికి ఇంతకంటే మంచి సందు దొరకదు. "చెప్పలేం" అంటే సరిపోయేది. చదువుకున్నవాళ్ల భాషలో అది పూర్తి అబద్ధం కూడా కాదు.

"సచ్చేటియి గావు," అంది నిర్మల. "మీగడున్నన్ని రోజులు మీరే తాగనియ్యలే. తేట అయిందనే వదిలిండ్రు."

"సల్లింది ఎవలు?"

"అన్న."

"సల్లుమని చెప్పింది?"

"నేను. నా మాట పట్టుకొనే చల్లిండు. అయినంక ఏం జెయ్యాల్నో నేను చెప్పలే. పంచాయితీ నాడు ఇక్కడనే ఉండి గూడ నోరు తెరవలే."

ఎవరూ అరవలేదు. తిడతారని, కొడతారని నిర్మల సిద్ధపడి వచ్చింది. పక్కింటి ముసలమ్మ మాత్రం ముందుకు వచ్చి, నిర్మలను కాసేపు చూసి, "నీకు ఆయన చేతి రొట్టెలు ఎట్ల మింగవడ్డయి బిడ్డా," అని వెళ్లిపోయింది. రొట్టెలు చేసింది కమ్లి. కానీ ఆ తేడా ఎవరూ సరిచేయలేదు.

గణపతి తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. కోపం పెట్టుకోవడానికి ఒక మనిషి ఉన్నన్నాళ్లు ఆయనకు సులువుగా ఉండింది. ఇప్పుడా కోపం ఎక్కడ దించాలో ఆయనకు తెలియడం లేదు. చివరికి కమ్లి వైపు తిరిగి, "ధన్‌సింగును రమ్మను. మంగళారం మందను ఎవలు నడిపిస్తరు మరి," అని, గడప దాటి లోపలికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "జర నీళ్లియ్యి," అన్నాడు.

కమ్లి నీళ్ల కోసం లోపలికి పోయి వెంటనే రాలేదు. నెల తరువాత ఆ ఇంట్లో మరో మనిషి నీళ్లడిగాడు. 

* * *

అన్న సురేందర్‌కు ఫోన్ చేసింది పూజ. మహబూబాబాద్‌లో మిరప బస్తాలు మోసే పని అతనిది. గోలలో వినపడుతుందో లేదో అని స్పీకర్ పెట్టింది.

"బాపుకియ్యి అన్నా, పంచాయితీ రమ్మంటున్నది," అంది.

సురేందర్ ఎదురు అడిగాడు. "బాపు అక్కడికి రాలేదా?"

"ఎప్పుడొచ్చిండు?"

"పొద్దుగాల్ల ఫస్టు బస్సుకే ఎక్కిచ్చిన. పది గొట్టేసరికి తండాల ఉండాలె. యాడి లేదా అక్కడ?"

యాడి అంటే అమ్మ. ఆ పిలుపుకు కమ్లి ఫోన్ దగ్గరికి వంగింది. "ఏమన్న చెప్పిండా బిడ్డా?"

"ఏం చెప్పలే యాడీ. నెల నుంచి నోట్లకెళ్లి మాటనే లేకపాయె. రెండు బుక్కల కంటే తినలే. రాత్రి మాత్రం తారీఖు ఎంత అని అడిగిండు. పన్నెండు అన్న. మేడం వస్తది, సీసాలు నింపాలె అన్నడు. ఆ సంచి వట్టుకొని పోయిండు."

నిర్మల ఖాళీ మేకు వైపు చూసింది.

"పోయేనాడు బట్టలు తీస్కపోలే," అంది కమ్లి, ఎవరికో చెబుతున్నట్టు. "సీసాల సంచి తీస్కపోయిండు."

అప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. అందరికంటే ముందు పరుగెత్తింది గణపతి. ఆ వయసులో ఆయన పరుగెత్తడం తండా ఎప్పుడూ చూడలేదు.

కట్ట ఎక్కేసరికి మబ్బు కమ్మింది. రిజర్వాయర్ నిండా వాగు తెచ్చిన ఎర్ర నీళ్లు. మేలో చచ్చిన పచ్చ జాడ ఎక్కడా లేదు. మళ్లీ దసరా దాటేదాకా కనిపించదు. పశువుల రేవులో తెప్ప లేదు. తూము వైపు, లోతు నీళ్లలో, గాలికి అటూ ఇటూ తిరుగుతోంది. దాని మీద గడ ఉంది. మనిషి లేడు.

పూజ, గణపతి, వెనక వచ్చినవాళ్లు కేకలు వేస్తూ తూము వైపు ఉరికారు. నిర్మల మాత్రం నాలుగడుగులు వేసి ఆగిపోయింది. కట్ట రాళ్ల మీద, ఎప్పుడూ పెట్టే చోటే, తడిగోనె పరిచి ఉంది. దాని మీద సీసాలు. మూతలు గట్టిగా బిగించి, తుడిచి, వరసగా పెట్టి ఉన్నాయి. వంగి చీటీలు చదివింది. వాగు మూల, 12-6. పశువుల రేవు, 12-6. నడి నీళ్లు, 12-6. చేన్ల దిక్కు గట్టు, 12-6. ప్రతిదాని కింద వంకర అక్షరాలతో రాశాడు, ఎర్ర నీళ్లు.

రెండేళ్లుగా ఇదే వరస. వాగు మూల నుంచి మొదలై, అన్నిటికంటే చివర తూము. అక్కడ లోతు ఎక్కువ. నిర్మలకు ఈత రాదని, ఆ సీసా ముంచేటప్పుడు మాత్రం ఆమెను రేవులో దింపి, ధన్‌సింగ్ ఒక్కడే వెళ్లేవాడు.

కమ్లి వచ్చి పక్కన కూర్చుంది. భర్త రాసిన అక్షరాలు ఆమెకు చదవడం రాదు. ఒక్కో సీసా మూత మీద వేలు పెడుతూ లెక్కపెట్టింది. చివరిదాని మీద వేలు ఆగింది.

"నాలుగున్నయి," అంది. రెండేళ్లుగా తనే తడిగోనెలో చుట్టిన లెక్క, అయినా అడిగింది, "ఎన్ని ఉండాలె చెల్లె?"

తూము వైపు నుంచి పూజ కేకలు వినిపిస్తున్నాయి. ఏది అడిగినా ఉన్నదున్నట్టే చెబుతానని పొద్దున మాటిచ్చింది నిర్మల.

"అయిదు," అంది.